ఎలక్ట్రాన్లు ఏ పక్కన రాయాలి?

మీ ప్రశ్నలు – మా జవాబులు: రసాయన శాస్త్రం

ఈ నెల బెంగళూరు పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం విద్యుద్విశ్లేషణ (ద్రవంలోకి కరెంటు పంపి పదార్థాన్ని విడగొట్టడం) మీదే ఉన్నాయి. ఐసీఎస్‌ఈ పదో తరగతికి అది ఒక పూర్తి పాఠం. స్టేట్ సిలబస్ పదో తరగతిలో నీటి విద్యుద్విశ్లేషణ, రాగి శుద్ధి వరకు వస్తుంది. రెండో పీయూసీలో ఫారడే నియమాలతో (ఎంత కరెంటుకి ఎంత పదార్థం వస్తుందో చెప్పేవి) కలిసి మళ్లీ ఎదురవుతుంది. సిలబస్ ఏదైనా పిల్లలు ఆగిపోయే చోటు మాత్రం ఒకటే, అర్ధ సమీకరణం, అంటే ఒక్క కడ్డీ దగ్గర జరిగే చర్యను ఎలక్ట్రాన్లతో సహా రాయడం. అందుకని ఈసారి జవాబులన్నీ దాని చుట్టూనే.

చదవడానికి వీలుగా ఇక్కడ సంకేతాలకు బదులు పేర్లు రాస్తున్నాం. పేరు పక్కన పైన ఉన్న గుర్తు ఆ అయాన్ ఆవేశం. 'ఎ⁻' అంటే ఎలక్ట్రాన్. విద్యుద్విశ్లేషణలో బ్యాటరీ రుణ ధ్రువానికి కలిపిన కడ్డీ కాథోడ్, ధన ధ్రువానికి కలిపింది ఆనోడ్. హైడ్రోజన్, ఆక్సిజన్, క్లోరిన్, బ్రోమిన్ అని గుర్తు లేకుండా ఉంటే అది రెండు పరమాణువుల అణువు. పరీక్షలో మాత్రం సంకేతాలే రాయాలి.

ప్రశ్న: నేను ఐసీఎస్‌ఈ పదో తరగతి. కాథోడ్ దగ్గర జరిగేవి, ఆనోడ్ దగ్గర జరిగేవి పట్టికలా బట్టీ పట్టాను. రెండు రోజులకే ఎలక్ట్రాన్లు ఎడమన రాయాలో కుడిన రాయాలో, 2 పెట్టాలో 4 పెట్టాలో అన్నీ కలిసిపోతున్నాయి. బట్టీ పట్టకుండా రాసే దారి ఉందా మేడమ్?
– విద్యార్థిని, మల్లేశ్వరం

జవాబు: ఉందమ్మా. ఎలక్ట్రాన్లను అన్నిటికంటే చివర్న రాయి. చాలామంది ముందు ఎలక్ట్రాన్లు రాసేసి, తర్వాత మిగతాది దానికి సరిపెట్టబోతారు. చిక్కంతా అక్కడే వస్తుంది. ముందు ఏది పోయి ఏది వస్తోందో రాయి. తర్వాత పరమాణువులు సరిచెయ్యి. ఆ తర్వాత రెండు పక్కలా మొత్తం ఆవేశం కూడి చూడు. తేడా ఎంత ఉంటే అన్ని ఎలక్ట్రాన్లు, ఆవేశం ఎక్కువ ధనంగా ఉన్న పక్కన పెట్టు.

మీ పాఠంలో మొదట వచ్చే కరిగించిన లెడ్ బ్రోమైడ్‌నే తీసుకుందాం. కాథోడ్ దగ్గర లెడ్ అయాన్ పోయి లెడ్ లోహం వస్తుంది.

లెడ్²⁺ → లెడ్

పరమాణువులు సరిగ్గానే ఉన్నాయి. ఆవేశం ఎడమన +2, కుడిన 0. ఒక్కో ఎలక్ట్రాన్ ఆవేశం −1 కాబట్టి ఎడమన రెండు చేరిస్తే రెండు పక్కలా 0 అవుతుంది.

లెడ్²⁺ + 2ఎ⁻ → లెడ్

ఆనోడ్ దగ్గర బ్రోమైడ్ పోయి బ్రోమిన్ వస్తుంది. బ్రోమిన్ అణువులో రెండు పరమాణువులున్నాయి కాబట్టి ఎడమన రెండు బ్రోమైడ్‌లు కావాలి. అప్పుడు ఎడమన −2, కుడిన 0. తక్కువైన −2 కుడి పక్కన చేరాలి.

2బ్రోమైడ్⁻ → బ్రోమిన్ + 2ఎ⁻

ఏ పక్కనో మనం గుర్తు పెట్టుకోలేదు, ఆవేశమే చెప్పింది. కాథోడ్ దగ్గర ఎలక్ట్రాన్లు తీసుకోవడం అంటే క్షయకరణం, ఆనోడ్ దగ్గర కోల్పోవడం అంటే ఆక్సీకరణం అన్న సూత్రాన్ని రాసేటప్పుడు కాదు, రాశాక సరిచూసుకోవడానికి వాడుకో. ఆనోడ్ సమీకరణంలో ఎలక్ట్రాన్లు ఎడమన తేలితే మొదటి గీతలోనే ఏదో తారుమారు రాశావన్న మాట.

ఇప్పుడు పిల్లల్ని ఎక్కువ భయపెట్టేది, నీటి నుంచి ఆక్సిజన్. మొదటి గీత: నీరు → ఆక్సిజన్. ఆక్సిజన్ పరమాణువులు సరిపోవాలంటే రెండు నీటి అణువులు కావాలి: 2నీరు → ఆక్సిజన్. ఎడమన నాలుగు హైడ్రోజన్ పరమాణువులున్నాయి, కుడిన ఒక్కటీ లేదు. వాటిని హైడ్రోజన్ అయాన్లుగా కుడిన రాస్తాం: 2నీరు → ఆక్సిజన్ + 4హైడ్రోజన్⁺. ఆవేశం ఎడమన 0, కుడిన +4. కాబట్టి కుడిన నాలుగు ఎలక్ట్రాన్లు.

2నీరు → ఆక్సిజన్ + 4హైడ్రోజన్⁺ + 4ఎ⁻

ఆ 4 ఎక్కడి నుంచి వచ్చిందో ఇలా ఒకసారి కాగితం మీద రాబట్టుకుంటే ఇక మర్చిపోవు.

మీ పుస్తకంలో ఆనోడ్ చర్యను రెండు మెట్లుగా రాసి ఉండవచ్చు: ఒక బ్రోమైడ్ అయాన్ ఒక ఎలక్ట్రాన్ వదిలి పరమాణువవుతుంది, అలాంటి రెండు పరమాణువులు కలిసి అణువవుతుంది. ఆ పద్ధతీ సరైనదే. అయితే రెండో మెట్టు రాయకుండా వదిలేస్తే మార్కు పోతుంది. ఇంకో సంగతి, స్థితి గుర్తులు (ఘనమా, ద్రవమా, వాయువా, జల ద్రావణమా అని చెప్పేవి). లెడ్ బ్రోమైడ్ దాదాపు 370 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, లెడ్ 327 దగ్గరే కరుగుతుంది. అంటే కాథోడ్ దగ్గర వచ్చే లెడ్ కూడా ద్రవమే, అడుగుకి దిగుతుంది. అయాన్ల పక్కన జల ద్రావణం గుర్తు పెడితే తప్పు, అక్కడ నీళ్లే లేవు.

ప్రశ్న: మా అబ్బాయి స్టేట్ సిలబస్ పదో తరగతి. ఆమ్లం చుక్కలు వేసిన నీటిలో ఆనోడ్ దగ్గర హైడ్రాక్సైడ్ అయాన్లు ఎలక్ట్రాన్లు వదులుతాయని ట్యూషన్ సార్ రాయించారు. స్కూల్లో మేడమ్ నీరే వదులుతుందని రాయించారు. నేను చిత్తూరులో తెలుగు మీడియంలో చదివినప్పుడు హైడ్రాక్సైడ్ అనే నేర్పినట్టు గుర్తు. ఏది రాయమంటారు?
– ఒక తండ్రి, మారతహళ్లి

జవాబు: హైడ్రాక్సైడ్‌తో రాసేది ఇలా ఉంటుంది:

4హైడ్రాక్సైడ్⁻ → ఆక్సిజన్ + 2నీరు + 4ఎ⁻

తూచి చూడండి. ఆక్సిజన్ పరమాణువులు ఎడమన 4, కుడిన 2 + 2. హైడ్రోజన్ 4, 4. ఆవేశం −4, −4. లెక్కగా చూస్తే ఇందులో తప్పేమీ లేదు. కానీ ఆమ్ల ద్రావణంలో హైడ్రాక్సైడ్ అయాన్లు లేనట్టే. పీహెచ్ (ఆమ్లతను చెప్పే కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 1 ఉన్న ద్రావణంలో వాటి గాఢత లీటరుకు 10⁻¹³ మోల్ (కణాల సంఖ్యకు కొలత) మాత్రమే. అంత కొద్ది అయాన్లు మీ బ్యాటరీ పంపే కరెంటును మోయలేవు. అక్కడ ఎలక్ట్రాన్లు వదిలేది నీటి అణువులే. కాస్టిక్ సోడా వంటి క్షార ద్రావణమైతే హైడ్రాక్సైడ్ సమీకరణమే సరైనది. కాబట్టి స్కూల్ మేడమ్ చెప్పింది ద్రావణంలో నిజంగా జరిగేదానికి దగ్గర.

మార్కుల విషయానికొస్తే, ఐసీఎస్‌ఈ పదో తరగతిలో హైడ్రాక్సైడ్‌తో రాయడం వాడుక, పీయూసీలో నీటితో రాస్తారు. మీ అబ్బాయి తన పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు రాస్తే చాలు. మార్కు నిజంగా పోయేది రెంటినీ కలిపేసినప్పుడు. ఎడమన హైడ్రాక్సైడ్, కుడిన హైడ్రోజన్ అయాన్లు పెట్టి రాసినవి జవాబు పత్రాల్లో తరచూ కనిపిస్తాయి. అది ఏ ద్రావణానికీ చెందదు.

ఎలాగూ ఈ ప్రయోగం దగ్గరకొచ్చాం కాబట్టి, హైడ్రోజన్ రెండింతలు ఎందుకు వస్తుందో కూడా అబ్బాయికి సమీకరణంతోనే చూపించండి. ఆనోడ్ దగ్గర ఒక ఆక్సిజన్ అణువు రావాలంటే 4 ఎలక్ట్రాన్లు బయటికి పోవాలి. తీగలో పోయిన ఆ నాలుగే కాథోడ్‌కి చేరతాయి:

4హైడ్రోజన్⁺ + 4ఎ⁻ → 2హైడ్రోజన్

ఒకటికి రెండు. అదే పరీక్ష నాళికల్లో కనిపిస్తుంది.

పుస్తకంలో చెప్పినట్టు ప్లాస్టిక్ మగ్గు, కార్బన్ కడ్డీలు, 6 వోల్టుల బ్యాటరీ పెట్టి చేస్తే ఆక్సిజన్ సగం కంటే కొంచెం తక్కువే వస్తుంది. హైడ్రోజన్ కంటే ఆక్సిజన్ నీటిలో ఎక్కువ కరుగుతుంది, పైగా అందులో కొంత కార్బన్ ఆనోడ్‌తో కలిసిపోతుంది. కాసేపు కరెంటు పోనిచ్చి, నీటిలో వాయువు కరగగలిగినంత కరిగాక నాళికలు పెడితే తేడా తగ్గుతుంది. ఆమ్లం వేయకుండా బోరు నీళ్లతోనో ట్యాంకర్ నీళ్లతోనో చేస్తే కాథోడ్ మీద తెల్లటి పొర కడుతుంది. అది కార్బన్ నుంచి వచ్చింది కాదు. కాథోడ్ దగ్గర 2నీరు + 2ఎ⁻ → హైడ్రోజన్ + 2హైడ్రాక్సైడ్⁻ జరిగి, అక్కడ పుట్టిన హైడ్రాక్సైడ్ వల్ల కఠిన జలంలోని మెగ్నీషియం, కాల్షియం పేరుకుంటాయి. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకుంటే ఆ బాధ ఉండదు.

ఇంట్లో ఆమ్లం లేదని ఉప్పు వేయకండి, క్లోరిన్ వస్తుంది. 200 మిల్లీలీటర్ల నీటికి ఒక టీస్పూన్ తినే సోడా చాలు. అప్పుడు ఆనోడ్ దగ్గర ఆక్సిజన్‌తో కొంత కార్బన్ డయాక్సైడ్ కూడా వస్తుంది కాబట్టి 2:1 ఆశించకండి. ఆనోడ్‌గా స్టీల్ చెంచా వద్దు, అందులోని క్రోమియం, నికెల్ నీళ్లలోకి దిగుతాయి. గోడ ప్లగ్గు నుంచి కరెంటు అసలు తీసుకోకూడదు.

ప్రశ్న: కాపర్ సల్ఫేట్ ద్రావణంలో రాగి పలకలు పెడితే ఆనోడ్ దగ్గర ఒక సమీకరణం, ప్లాటినం పెడితే ఇంకోటి. ద్రావణం ఒకటే కదా సార్? సల్ఫేట్ అయాన్ ఎందుకు ఏమీ చేయదు?
– విద్యార్థి, కోరమంగల

జవాబు: ఆనోడ్ దగ్గర ఎలక్ట్రాన్లు ఇవ్వగలిగేవి ఏమేం ఉన్నాయో ముందు జాబితా రాసుకో బాబూ. సల్ఫేట్ ఉంది, నీరు ఉంది. ఇక్కడితో ఆపేస్తారు అందరూ. పలక కూడా ఉంది! అది రాగిదైతే, రాగి మిగతా రెంటికంటే చాలా తేలిగ్గా ఎలక్ట్రాన్లు ఇస్తుంది. ప్రామాణిక విలువలు (ఎలక్ట్రాన్లు ఇచ్చిపుచ్చుకోవడం ఎంత తేలికో పోల్చే వోల్టేజీలు) చూస్తే రాగికి 0.34 వోల్టులు, నీటికి 1.23, సల్ఫేట్‌కి దాదాపు 2. తక్కువలో అయ్యే పని ముందు జరుగుతుంది.

కాపర్ → కాపర్²⁺ + 2ఎ⁻

ప్లాటినం కరగదు. అప్పుడు మిగిలిన రెంటిలో నీటిదే వంతు, ఆక్సిజన్ వస్తుంది. సల్ఫేట్‌లో సల్ఫర్ ఇప్పటికే +6 స్థితిలో ఉంది, అంతకు మించి అది ఎలక్ట్రాన్లు కోల్పోలేదు. రెండు సల్ఫేట్లు జంటగా కలిసి పెరాక్సోడైసల్ఫేట్ కావడం ఒక్కటే దానికున్న దారి. పలుచని ద్రావణంలో ఆ అవసరం రాకముందే నీరు ఆ పని కానిచ్చేస్తుంది.

కాథోడ్ దగ్గర రెండు సందర్భాల్లోనూ కాపర్²⁺ + 2ఎ⁻ → కాపర్. ఈ రెండు సమీకరణాలు పక్కపక్కన పెడితే రంగు ప్రశ్నకీ జవాబు దొరుకుతుంది. రాగి పలకలుంటే కాథోడ్ మీద చేరిన ప్రతి అయాన్‌కి బదులు ఆనోడ్ నుంచి ఒకటి దిగుతుంది, నీలం రంగు మారదు. ప్లాటినం అయితే పోయినవి పోవడమే, రంగు వెలిసిపోతూ ఉంటుంది. మరోపక్క ఆనోడ్ దగ్గర పుట్టిన హైడ్రోజన్ అయాన్లు సల్ఫేట్‌తో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మిగులుతాయి. నీలం దాదాపు పోయాక కాథోడ్ దగ్గర కూడా బుడగలు మొదలైతే కంగారుపడకు. కాపర్ అయాన్లు అయిపోయి హైడ్రోజన్ అయాన్ల వంతు వచ్చిందని అర్థం.

రాగి శుద్ధి కూడా ఇదే. మలిన రాగి ఆనోడ్‌లోని జింకు, ఇనుము కూడా కరుగుతాయి కానీ కాథోడ్ మీద చేరకుండా ద్రావణంలోనే ఉండిపోతాయి. వెండి, బంగారం కరగవు, అడుగున మడ్డిగా పడతాయి.

ప్రశ్న: రెండో పీయూసీ చదువుతున్నాను. జింకు, రాగి పలకలతో కరెంటు పుట్టించే డేనియల్ సెల్‌లో కాథోడ్ ధనం, విద్యుద్విశ్లేషణలో కాథోడ్ రుణం. ఒకే పేరుకి రెండు గుర్తులా?
– విజయనగర నుంచి ఒక పాఠకుడు

జవాబు: పేరు గుర్తుని బట్టి కాదు, చర్యని బట్టి పెట్టింది. క్షయకరణం ఎక్కడ జరిగితే అది కాథోడ్. డేనియల్ సెల్‌లో చర్య దానంతటదే జరిగి ఎలక్ట్రాన్లను బయటికి నెడుతుంది. అవి జింకు నుంచి రాగి వైపు పోతాయి కాబట్టి రాగి ధన ధ్రువం. విద్యుద్విశ్లేషణలో బయటి బ్యాటరీ ఎలక్ట్రాన్లను బలవంతంగా తెచ్చి కాథోడ్‌లో పోస్తుంది కాబట్టి అది రుణ ధ్రువం. కారు బ్యాటరీలోని లెడ్ పలకనే చూడండి: బండి స్టార్ట్ చేసేటప్పుడు అది ఆనోడ్, ఛార్జ్ ఎక్కించేటప్పుడు అదే పలక కాథోడ్. గుర్తు మాత్రం రెండుసార్లూ రుణమే. అర్ధ సమీకరణంలో ధ్రువం గుర్తు ఎక్కడా రాదు, కాబట్టి రాసేటప్పుడు దాని గురించి ఆలోచించనే వద్దు.

ప్రశ్న: రెండు అర్ధ సమీకరణాలను కలిపి పూర్తి సమీకరణం రాయడంలో, ఫారడే లెక్కల్లో మా పిల్లలు తడబడుతున్నారు. అల్యూమినియం ఉదాహరణతో చెబుతారా?
– ట్యూషన్ చెప్పే ఒక పాఠకురాలు, కమ్మనహళ్లి

జవాబు: మంచి ఉదాహరణ ఎంచుకున్నారమ్మా, ఇందులో ఎలక్ట్రాన్ల సంఖ్యలు రెండు పక్కలా వేరు. అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) ఒక్కటే కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. కరిగించిన క్రయోలైట్ అనే ఖనిజంలో కలిపితే 950 డిగ్రీల చుట్టుపక్కలే పని జరుగుతుంది. 1886లో హాల్, హెరూల్ట్ ఎవరికి వారు కనిపెట్టిన పద్ధతి ఇదే. పాఠశాల స్థాయిలో రాసే సమీకరణాలు:

అల్యూమినియం³⁺ + 3ఎ⁻ → అల్యూమినియం
2ఆక్సైడ్²⁻ → ఆక్సిజన్ + 4ఎ⁻

ఒక పక్క 3, ఇంకో పక్క 4. కసాగు 12. మొదటిదాన్ని 4తో, రెండోదాన్ని 3తో హెచ్చించి కూడితే పన్నెండు ఎలక్ట్రాన్లూ కొట్టేసుకుపోతాయి. 4 అల్యూమినియం అయాన్లు, 6 ఆక్సైడ్ అయాన్లు కలిసి 4 అల్యూమినియం, 3 ఆక్సిజన్ అణువులు. ఎడమన ఉన్నవే 2 అల్యూమినా. కలిపాక ఎలక్ట్రాన్లు ఒక్కటి మిగిలినా హెచ్చించడం తప్పిందని పిల్లలకి గట్టిగా చెప్పండి. ఆ వేడిలో ఆక్సిజన్ కార్బన్ ఆనోడ్‌లను కాల్చి కార్బన్ డయాక్సైడ్ చేస్తుంది, అందుకే ఆనోడ్‌లను తరచూ మార్చాలి. ఈ వాక్యానికి విడిగా ఒక మార్కు ఉంటుంది.

లెక్కలకు ఈ ఒక్కటి బోర్డు మీద చేయించండి. 0.5 ఆంపియర్ కరెంటు 32 నిమిషాల 10 సెకన్లు పంపాం. సెకన్లలో 1,930. ఆవేశం 0.5 × 1,930 = 965 కూలుంబులు. ఒక మోల్ ఎలక్ట్రాన్ల ఆవేశమైన 96,500 కూలుంబులతో భాగిస్తే 0.01 మోల్ ఎలక్ట్రాన్లు. ఇక్కడిదాకా ఏ లోహానికైనా ఒకటే. ఇక అర్ధ సమీకరణం చూడాలి. వెండికి ఒక ఎలక్ట్రాన్ చాలు కాబట్టి 0.01 మోల్, 1.08 గ్రాములు. రాగికి రెండు, 0.005 మోల్, 0.32 గ్రాములు. అల్యూమినియానికి మూడు, 0.0033 మోల్, 0.09 గ్రాములు. ఒకే కరెంటు, ఒకే సమయం, తూకాలు ఇంత తేడా! ఈ మూడింటినీ పక్కపక్కన రాయిస్తే ఎలక్ట్రాన్ల సంఖ్యను ఇక నిర్లక్ష్యం చేయరు.

తప్పులు ఎక్కువగా రెండు చోట్ల జరుగుతాయి. నిమిషాలను సెకన్లుగా మార్చకపోవడం ఒకటి. క్లోరైడ్ ఆవేశం −1 కాబట్టి క్లోరిన్‌కి ఒక ఎలక్ట్రాన్ అనుకోవడం రెండోది. వచ్చేది అణువు, దానికి రెండు కావాలి: 2క్లోరైడ్⁻ → క్లోరిన్ + 2ఎ⁻. ఒకటే అనుకుంటే జవాబు సరిగ్గా రెట్టింపు వస్తుంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌కి వాటర్ ఫిల్టర్ అమ్మేవాళ్లు వచ్చారు. ఒక గ్లాసులో మా కుళాయి నీళ్లు, ఇంకో గ్లాసులో ఫిల్టర్ నీళ్లు పోసి, కడ్డీలున్న చిన్న పరికరం ముంచి స్విచ్ వేశారు. మా నీళ్లు పచ్చగా మారి, తర్వాత తుప్పు రంగు మడ్డి తేలింది. ఫిల్టర్ నీళ్లు తేటగానే ఉన్నాయి. "ఇదంతా మీరు తాగే మురికి" అన్నారు. పదో తరగతి మా అమ్మాయి ఇది విద్యుద్విశ్లేషణ అంటోంది. నిజమేనా?
– ఒక గృహిణి, కేఆర్ పురం

జవాబు: మీ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. ఆ మడ్డి నీళ్లలోది కాదమ్మా, కడ్డీలది. అలాంటి పరికరాల్లో ఇనుప కడ్డీలు, అల్యూమినియం కడ్డీలు ఉంటాయి. రాగి పలక కరిగినట్టే ఇక్కడ ఇనుప ఆనోడ్ కరుగుతుంది:

ఐరన్ → ఐరన్²⁺ + 2ఎ⁻

కాథోడ్ దగ్గర నీరు ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది:

2నీరు + 2ఎ⁻ → హైడ్రోజన్ + 2హైడ్రాక్సైడ్⁻

ఐరన్, హైడ్రాక్సైడ్ అయాన్లు కలిస్తే పచ్చటి ఫెర్రస్ హైడ్రాక్సైడ్ తేలుతుంది. గాలి తగిలి అది గోధుమ రంగు ఫెర్రిక్ హైడ్రాక్సైడ్ అవుతుంది, మామూలు తుప్పుకి దగ్గరి చుట్టం. ముందు పచ్చన, తర్వాత తుప్పు రంగు అని మీరు చూసిన వరుస ఇదే.

ఎంత ఇనుము దిగి ఉంటుందో లెక్క కట్టండి. ఉదాహరణకి 0.5 ఆంపియర్ రెండు నిమిషాలు పోయిందనుకుంటే 60 కూలుంబులు. ఎలక్ట్రాన్లు 0.00062 మోల్, ఇనుము అందులో సగం, అంటే దాదాపు 17 మిల్లీగ్రాములు. 200 మిల్లీలీటర్ల గ్లాసును మురికిగా చూపించడానికి అది చాలా ఎక్కువ.

మరి ఫిల్టర్ నీళ్లు ఎందుకు తేటగా ఉన్నాయి? ఆర్‌వో ఫిల్టర్ లవణాలను తీసేస్తుంది. అయాన్లు లేకపోతే కరెంటు పోదు, కరెంటు పోకపోతే కడ్డీ కరగదు. అంటే ఆ పరీక్ష చెప్పేది ఒక్కటే: ఏ గ్లాసులో లవణాలు ఎక్కువున్నాయో. కాల్షియం, మెగ్నీషియం, సోడియం అయాన్లున్న శుభ్రమైన తాగునీరు కూడా ఇలాగే రంగు మారుతుంది. క్రిములున్నాయో లేవో ఈ పరీక్షకి అసలు తెలియదు. ఈసారి ఎవరైనా వస్తే వాళ్ల ఫిల్టర్ నీళ్లలోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ చేయమనండి, అదే మడ్డి అందులోనూ తేలుతుంది. గ్లాసులో మాత్రం వేలు పెట్టకండి, ఆ పరికరం చాలాసార్లు ఇంటి కరెంటుకే తగిలించి ఉంటుంది. ఆ నీళ్లు పారబోయండి. నీళ్ల గురించి నిజంగా అనుమానం ఉంటే ల్యాబ్‌లో రసాయన పరీక్ష, బ్యాక్టీరియా పరీక్ష రెండూ చేయించండి.

ప్రశ్న: మా నాన్నగారు పీణ్యలో నికెల్ ప్లేటింగ్ యూనిట్‌లో పని చేస్తారు. మా పుస్తకంలో కాథోడ్ దగ్గర నికెల్ చేరుతుందని మాత్రమే ఉంది. జాబ్ (పూత వేసే వస్తువు) దగ్గర సన్న బుడగలు కూడా వస్తాయని నాన్న అంటారు. పుస్తకం తప్పా? ట్యాంకులో బోరిక్ ఆసిడ్ ఎందుకు వేస్తారు?
– విద్యార్థి, దాసరహళ్లి

జవాబు: ఇద్దరూ సరే. కాథోడ్ దగ్గర ఒకేసారి రెండు చర్యలు జరుగుతున్నాయి, పుస్తకం పెద్దదాన్నే రాసింది.

నికెల్²⁺ + 2ఎ⁻ → నికెల్
2హైడ్రోజన్⁺ + 2ఎ⁻ → హైడ్రోజన్

నికెల్ ప్రామాణిక విలువ −0.25 వోల్టులు. ట్యాంకు పీహెచ్ 4 దగ్గర ఉంటే హైడ్రోజన్ విలువ దాదాపు −0.24. అంటే రెండూ పక్కపక్కనే ఉన్నాయి. నికెల్ ఉపరితలం మీద హైడ్రోజన్ వాయువుగా బయటపడటానికి అదనపు వోల్టేజి కావాలి కాబట్టి కరెంటులో దాదాపు 95 శాతం నికెల్‌కే పోతుంది. మిగిలిందే నాన్నగారు చూసే బుడగలు.

హైడ్రోజన్ అయాన్లు ఖర్చవుతుంటే జాబ్ ఆనుకుని ఉన్న పలుచని పొరలో పీహెచ్ పెరుగుతుంది. బాగా పెరిగితే నికెల్ హైడ్రాక్సైడ్ పుట్టి పూతలో ఇరుక్కుని, పూత మసకబారి పెళుసవుతుంది. బోరిక్ ఆసిడ్ అక్కడ పీహెచ్‌ని నిలకడగా పట్టి ఉంచుతుంది. మామూలుగా లీటరుకు నికెల్ సల్ఫేట్ 240–300 గ్రాములు, నికెల్ క్లోరైడ్ 30–60, బోరిక్ ఆసిడ్ 30–45 వేస్తారు. క్లోరైడ్ పని ఆనోడ్ వైపు. అది లేకపోతే నికెల్ ఆనోడ్ మీద ఆక్సైడ్ పొర కట్టి, నికెల్ → నికెల్²⁺ + 2ఎ⁻ ఆగిపోయి, నీటి నుంచి ఆక్సిజన్ రావడం మొదలవుతుంది. అప్పుడు ట్యాంకులో నికెల్ తగ్గుతుంది, ఆమ్లం పెరుగుతుంది. బుడగ జాబ్‌కి అంటుకుని కదలకపోతే ఆ చోట పూత పడక గుంట మిగులుతుంది. యూనిట్లలో పిట్టింగ్ అనేది దీన్నే. ద్రావణాన్ని కదుపుతూ ఉండటం, తడి పెంచే మందు వేయడం అందుకే.

పరీక్షలో కాథోడ్‌కి నికెల్ సమీకరణం ఒక్కటే రాయి. బుడగల గురించి అడిగితేనే రెండోది.

ఇంకో పని నాన్నగారితో కలిసి చేయవచ్చు. 10 ఆంపియర్లు ఒక గంట పోతే 36,000 కూలుంబులు, 0.373 మోల్ ఎలక్ట్రాన్లు, అందులో సగం నికెల్. నికెల్ పరమాణు భారం 58.7తో హెచ్చిస్తే 10.9 గ్రాములు రావాలి. జాబ్‌ను పూతకి ముందు ఒకసారి, తర్వాత కడిగి ఆరబెట్టి ఒకసారి తూచమను. 10.4 గ్రాముల దగ్గర వస్తే ట్యాంకు బాగున్నట్టు. 9 గ్రాములకి పడిపోతే ముందు పీహెచ్ చూడమను, ఆమ్లం ఎక్కువై కరెంటు హైడ్రోజన్‌కి పోతూ ఉండవచ్చు. ఆ తర్వాత రెక్టిఫయర్ (ట్యాంకుకి డీసీ కరెంటు ఇచ్చే పరికరం) మీటర్, కాంటాక్ట్‌లు చూడాలి.